వదిన కుర్చీకి మరదలి కొలత

మార్చి 4
స్టేషన్, ముందు సగం

పొద్దస్తమానం కుర్చీలో కూర్చుని జీతం తీసుకునే మా ఆడపడుచుకి,

కూర్చోవడం అనేదే లేని చోట తేలుతూ నీ వదిన రాసేది. నేను క్షేమం, నా స్పానర్లు క్షేమం. నువ్వూ క్షేమమే అయి ఉంటావు. మీటింగుల్లో ఎవరూ చచ్చిపోయినట్టు ఇంతవరకూ వినలేదు.

ఇక్కడి సంగతి మీ అన్నయ్య ఈపాటికి చెప్పే ఉంటాడు. చెప్పినా సగం మింగేసి ఉంటాడు కనక మొదటినుంచీ రాస్తున్నాను. నన్నూ, ఇక్కడ మొక్కలు పెంచే మా బ్రహ్మచారినీ పైకి తెచ్చిన నౌకకి ఇసుక రేణువంత రాయి తగిలింది. దాన్ని చల్లగా ఉంచే ద్రవమంతా కారిపోయింది. ఇక ఆ నౌక మా గుమ్మానికి వేలాడే అలంకారం. బదులు నౌక రావడానికి ఏడాది పడుతుందట. బ్రహ్మచారికి దిగులేం లేదు, మొలకలొచ్చాయని కూనిరాగాలు తీస్తున్నాడు. తొందరంతా నాకే. నా కుడి కన్ను మసకబారుతోంది. బరువు లేని చోట కొందరికి ఒంట్లో నీరు తలకెక్కి కంటి నరాన్ని నొక్కుతుందట. ఆ అదృష్టవంతుల్లో నేనున్నాను. త్వరగా కిందికి దిగితే పోయింది పోగా ఉన్నది నిలుస్తుందనీ, ఏడాది ఉంటే మాత్రం ఆ కంటి మీద ఆశ వదులుకోవాలనీ కిందినుంచి మా డాక్టరమ్మ చెప్పింది. చాలా మర్యాదగా చెప్పింది. అయినా నాకు భయం వేసింది.

మిగిలిన దారి ఒక్కటే. వెనక సగం వాళ్ళ నౌక మే నెలాఖరుకి దిగుతోంది. అందులో ఒక సీటు ఖాళీ. వాళ్ళ మూడో మనిషి చెవిపోటు వచ్చి నేలమీదే ఆగిపోయాడు. సీటుంది, ఎక్కే మనిషుంది, కానీ ఎక్కకూడదు. వాళ్ళ నౌక దిగేటప్పుడు నేలని గట్టిగా గుద్దుకుంటుంది. అందుకని వాళ్ళు ఒక్కొక్కరి వీపుకీ సుద్దలో అచ్చు తీసి, ఆ అచ్చుకి తగ్గట్టు సీటు పోస్తారు. వీపుకీ సీటుకీ మధ్య వేలు దూరేంత సందున్నా వెన్నుపూస విరుగుతుందట. నా అచ్చు తీయాలంటే నేను కింద ఉండాలి. కిందే ఉంటే నాకు సీటెందుకూ అన్న సంగతి ఇప్పటికి మూడు దేశాలకి అర్థమైంది.

ఈ ఉమ్మడి కాపురం గురించి నీకు నేను చెప్పక్కర్లేదు. ముందు సగానికి ఆరు దేశాలు, వెనక సగానికి ఆరు దేశాలు, కలిపితే పదకొండు. ఎందుకంటే మన దేశం రెండు పడవల మీదా చెరో కాలు వేసింది. ఆ పుణ్యమే నేను ముందు సగంలో మెకానిక్కుని కావడం, నువ్వు వెనక సగం వాళ్ళ సమన్వయ కార్యాలయంలో ఆఫీసరువి కావడం. మా స్పానరు వాళ్ళ బోల్టుకి పట్టదు. పట్టినా పెట్టకూడదు. నీళ్ళు మాత్రం అందరివీ కలిపే శుద్ధి చేసి తాగుతాం. ఎవరి మూత్రం ఎవరి నోట్లోకి వస్తుందో తెలియని చోట, ఎవరి స్పానరు ఎవరు ముట్టుకున్నారని పంచాయితీలు.

నీ ఫైళ్ళ గుట్టలోంచి నా కుర్చీ కాస్త కదిలించు తల్లీ.

ఒంటికంటితో ఎదురుచూసే
వదిన


మార్చి 9
సమన్వయ కార్యాలయం

నేలకి కాళ్ళానని వదినకి,

నేల విడిచి సాము చేయడం చేతకాని నీ ఆడపడుచు నమస్కారాలు. నీ ఉత్తరాన్ని నాకంటే ముందు రెండు కార్యాలయాలు చదివాయి. మీటింగుల్లో చచ్చిపోవడం గురించి నువ్వు రాసిన చోట మా భద్రతాధికారి ఎర్రగీత గీసి, ఇది బెదిరింపా అని అడిగాడు. మా వదిన మామూలుగా మాట్లాడితేనే అలా ఉంటుందని రాసిచ్చి సంతకం పెట్టాను.

కన్ను సంగతి చదివి ఆఫీసు మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను. ఎక్కిన వెంటనే మీటింగు పెట్టించాను. మొదటి రోజంతా సీటు అనేది సామానా, నౌకలో భాగమా అన్న చర్చతో సరిపోయింది. సామానైతే ఒక కమిటీ, భాగమైతే ఇంకో కమిటీ. రెండో రోజు సుద్ద ఎవరిది, దాని మీద జెండా ఎవరిది అని. మధ్యలో కాఫీ కూడా అంతర్జాతీయమే. కప్పులు ఒకరివి, చక్కెర ఒకరిది. చెంచాల బాధ్యత ఏ దేశమూ తీసుకోలేదు కనక అందరం పెన్నులతో కలుపుకున్నాం.

మూడో రోజు ఎవరో, ఆవిడ కొలతలు ఫైల్లో ఉన్నాయిగా, వాటితో పోసేయండి అన్నారు. అచ్చులు తీసే ఆయన ఒప్పుకోలేదు. నేనాయనకి సుద్దమేస్త్రి అని పేరు పెట్టాను. "అంకెల్ని కూర్చోబెట్టలేనండీ, ఎవరో ఒక మనిషిని తీసుకురండి" అన్నాడాయన. అప్పుడు లేచాను. నేనూ మా వదినా ఒక్క కొలతే, మా అన్నయ్య పెళ్ళైన నెలకే ఆవిడ బీరువా నాదైపోయింది, ఆవిడ వదిలి వెళ్ళిన బూడిదరంగు కోటు ఇప్పటికీ నాకు కుట్టించినట్టు సరిపోతుంది, నన్ను కూర్చోబెట్టండి అన్నాను. ఎత్తూ భుజాల వెడల్పూ నీ ఫైలుతో పోల్చి చూశారు. వెంట్రుకవాసి తేడా లేదు. పదకొండు దేశాలూ చేతులెత్తాయి. ఈ స్టేషన్ కట్టడం మొదలెట్టినప్పటినుంచీ ఏకగ్రీవంగా నెగ్గినది నా వీపొక్కటేనట.

మీ ఆయన బాగానే ఉన్నాడు. నిన్న ఫోన్ చేసి, కన్ను సంగతి వదినకి మాత్రం చెప్పకు, బెంగపెట్టుకుంటుంది అన్నాడు. మనిషి కంగారు అలా ఉంది. నువ్వే ఒక ముక్క రాసి ధైర్యం చెప్పు.

నీ కొలతే నా కొలతగా గల
ఆడపడుచు


మార్చి 17
స్టేషన్, ముందు సగం

ఏకగ్రీవ సుందరికి,

నాకోసం సుద్దలో కూర్చుంటానన్నావు, చాలా సంతోషం. కానీ చిన్న అనుమానం. మీ అన్నయ్య పంపిన ఫోటోలో నీ వెనక మంచు కురుస్తోంది, నీ ఒంటి మీద నా కోటుంది, దాని గుండీలు మాత్రం ఒక్కటీ పెట్టుకోలేదు. నీకు చలెయ్యలేదా, గుండీలు సమ్మె చేశాయా? కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. నీ ఉద్యోగంలో కొండలు పెరుగుతున్నట్టున్నాయి. అది నా ఒక్కదాని సీటు సుమా, ఇద్దరికి పోయించకు.

నా గురించి బెంగ వద్దు. వచ్చినప్పుడు ఎంతున్నానో అంతే ఉన్నాను, గ్రాము తగ్గలేదు. పొట్లాలన్నీ అడుగుదాకా నాకేస్తున్నాను. మొన్న వెనక సగం కెప్టెన్ నా కొలతలు మరోసారి తీశాడు. వాళ్ళ టేపు మా సగంలోకి రాకూడదు, మా టేపు వాళ్ళ సగంలోకి పోకూడదు. అందుకని రెండు సగాల మధ్య గుమ్మంలో నన్ను అడ్డంగా తేలనిచ్చి, నడుము దాకా వాళ్ళ టేపుతో వాళ్ళు, పైన మా టేపుతో మేమూ కొలిచాం. చలిగా ఉండి మీ అన్నయ్య స్వెట్టరు వేసుకునే ఉన్నాను. అయినా ఫైల్లో ఉన్న అంకెలే వచ్చాయి. కెప్టెన్ మంచివాడే. పాపం, నవ్వడానికి వాళ్ళ ఆఫీసు అనుమతి ఇంకా రాలేదనుకుంటా.

మీ అన్నయ్యకి రాశాను. తిరుగుటపాలో, నీ కన్ను గురించి నాకేమీ తెలియదు అని రాశాడు.

గుండీలన్నీ పెట్టుకోగలిగే
వదిన


మార్చి 26
సమన్వయ కార్యాలయం

వదినకి,

పుణ్యానికి పోతే పాపం ఎదురైంది. నీ ఉత్తరం మా ఆఫీసు వాళ్ళు చదివాకే నాకిస్తారని తెలుసుగా. కొండలు పెరగడం అంటే ఏమిటో కొంచెం వివరించండి అని భద్రతాధికారి పదిమందిలో అడిగాడు. అక్కడ భూకంపాల వాళ్ళెవరో ఉంటే వాళ్ళు కూడా రాసుకున్నారు.

అచ్చు నిన్న తీశారు. ఎలా తీశారో విను, నీకు తెలియాలి. కిటికీల్లేని గది, మధ్యలో స్నానాల తొట్టిలాంటి పెట్టె. ఒంటికి అతుక్కునే తెల్ల బనీనూ పైజమా తొడిగి, మోకాళ్ళు గుండెలకి ఆనేలా పడుకోబెట్టి, చుట్టూ సుద్ద పోశారు. మొదట మంచులా ఉంటుంది, తర్వాత కుతకుతా వేడెక్కుతుంది. కదలకూడదు. సుద్ద పక్షపాతం లేకుండా పోస్తున్నారో లేదో చూడ్డానికి పదకొండు దేశాల ప్రతినిధులూ చుట్టూ నిలబడ్డారు. అందులో ఇద్దరు ఫోటోలు తీశారు. ఆ స్థితిలో నువ్వుంటే తెలిసేది. సుద్దమేస్త్రి ఒక్కడే, "మామూలుగా ఊపిరి తీసుకోండమ్మా, మామూలుగా" అని మాటిమాటికీ చెబుతున్నాడు. పదకొండు దేశాల ముందు ఎవరైనా ఎంత మామూలుగా ఉంటారో అంత మామూలుగానే ఉన్నాను.

సీటు సరుకుల నౌకలో వస్తోంది. దానితోపాటు నీ బూడిదరంగు కోటూ పంపుతున్నాను. నా ఒంటి మీద చూసి నీకు కళ్ళు కుట్టాయి కదా, నువ్వే తొడుక్కుని ఊరేగు. నీ సొంత సామాను కింద రాయించాను. మనిషికి ఒక వస్తువు తెచ్చుకునే హక్కుందట, నీ హక్కు దీనితో చెల్లు.

ఇట్లు,
ఆడపడుచు


ఏప్రిల్ 24
స్టేషన్, ముందు సగం

మరదలా,

సీటు వచ్చింది. నీ కిందటి ఉత్తరానికి జవాబు రాయకపోవడం పొగరు వల్ల. ఇప్పుడు రాయడం భయం వల్ల. పొగరు సంగతి తర్వాత చూసుకుందాం.

నిన్న కూర్చుని చూశాను. భుజాల దగ్గర ఇరుగ్గా పట్టేసింది. నడుము వెనక నా పిడికిలి దూరిపోయింది. కెప్టెన్ చెయ్యి పెట్టి చూశాడు, ఆయనదీ దూరింది. ఆయన వెంటనే బెల్టు విప్పేశాడు. ఈ సీటులో దిగితే కన్ను కాదు, వెన్ను పోతుంది. ఇంకో సీటు పంపడానికి మే నెలాఖరులోగా సరుకుల నౌక ఏదీ లేదు.

ఆ సీటు ముందు చాలాసేపు తేలుతూ దాన్నే చూశాను. ఛాతీ పైకి, పొట్ట లోపలికి, భుజాలు వెనక్కి. ఆ భంగిమ నాకు తెలుసు. ఇంట్లో గ్రూపు ఫోటో దిగిన ప్రతిసారీ నువ్వు నిలబడే భంగిమ అదే. సుద్ద గట్టిపడేదాకా ఊపిరి బిగబట్టావు కదూ? పొట్ట లోపలికి లాగితే నడుము వెనక్కి నొక్కుకుని అచ్చులో గొయ్యి పడింది. పదకొండు దేశాల ముందు నాజూగ్గా ఉండాలని నా వీపు పణంగా పెట్టావు కదే.

తిట్టు మొత్తం నీ ఒక్కదానికే పెడితే అన్యాయం అవుతుంది. తిలాపాపం తలా పిడికెడు. ఆ పిడికిలి సందులో సగం నాదే. నాకిక్కడ తిండి సయించడం లేదు. ఏ పొట్లం తిన్నా తడిసిన అట్టముక్కలా ఉంటుంది. ఏడు కిలోలు తగ్గాను. డాక్టరమ్మకి తెలిస్తే మీ అన్నయ్యకి చెబుతుంది, ఆయన నాకు తెలియకూడదని నాకే చెబుతాడు. అందుకే ఆ రోజు మీ అన్నయ్య స్వెట్టరు ఒకటి కాదు, రెండు వేసుకుని కొలతలిచ్చాను. నువ్వు సన్నగానే ఉన్నానని అబద్ధం ఆడావు, నేను లావుగానే ఉన్నానని ఆడాను. రెండు అబద్ధాల మధ్య ఒక వీపు.

పైపుల చుట్టూ చలి తగలకుండా పోసే నురగ ఉంది మా దగ్గర. పోయగానే పొంగి, కాసేపటికి రాయిలా గట్టిపడుతుంది. నా వీపు వెనక సంచిలో పోస్తే సందు నిండుతుందని మెకానిక్కుగా నాకు తోచింది. కానీ నురగ ముందు సగానిది, సీటు వెనక సగానిది. కింద అడిగితే పరాయి పదార్థం మా సీటులో పడకూడదన్నారు.

నాకు భయంగా ఉంది. ఎవరితోనూ చెప్పలేదు, నీతో చెబుతున్నాను. ఏదైనా చెయ్యి.

వదిన


ఏప్రిల్ 30
సమన్వయ కార్యాలయం

వదినా,

అవును, బిగబట్టాను. తొమ్మిది కిలోలు పెరిగాను. ఆ కోటు గుండీలు కిందటేడే నాతో మాటలు మానేశాయి. నీ ఉత్తరం నాలుగు రోజుల కిందట అందింది, టేబుల్ దగ్గరే అందరిముందూ ఏడ్చాను. భద్రతాధికారి కాగితం రుమాలు తెచ్చిచ్చాడు. దాని మీద కూడా ముద్ర ఉంది.

తర్వాత మీటింగు. నురగ విషయం మళ్ళీ పెట్టాను. పరాయి పదార్థాన్ని పరిశీలించే ఉపసంఘాన్ని వేశారు. అది మొదటిసారి కూర్చునేది జూలైలో. నువ్వు దిగేది మేలో. ఈ సంగతి నేను చెబితే, అయితే ఉపసంఘం చాలా జాగ్రత్తగా పనిచేస్తుంది అన్నాడొకాయన. మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి కనక కాఫీ కలుపుతూ కూర్చున్నాను, పెన్నుతోనే. అప్పుడు బుర్ర వెలిగింది.

నీ కోటు నీ సొంత సామాను. ఏ దేశానిదీ కాదు. సొంత సామానుకి రూలు మూడే మాటలు చెబుతుంది: బరువు మించకూడదు, అంటుకుని మండకూడదు, యజమాని దగ్గరే ఉండాలి. దాని లోపల ఏముండాలో ఏ రూలూ చెప్పదు. ఎందుకంటే కోటు లోపల మనిషి ఉంటుందని రాసినవాళ్ళు అనుకున్నారు. కోటు అస్తరు విప్పి సంచిలా కుట్టు. అందులో నురగ పోసి, పొంగేలోపు సీటులో పెట్టి కూర్చో. ఈసారి దయచేసి ఇద్దరిలో ఒక్కరైనా మామూలుగా ఊపిరి పీల్చుకుందాం.

ఉత్త మాటలు చెప్పడం లేదు. నిన్న సుద్దమేస్త్రి అదే అచ్చుతో పోసిన రెండో సీటులో నన్ను కూర్చోబెట్టి అదే రకం కోటుతో అదే రకం నురగ పోశాడు. తర్వాత నీ బరువుకి, స్వెట్టర్ల బరువుకి కాదు, అసలు బరువుకి సరిపడే బొమ్మని ఆ సీటులో కట్టి ఎత్తునుంచి పడేశాడు. మూడుసార్లు పడేసినా బొమ్మ వెన్ను చెక్కుచెదరలేదు. ఆ ఫలితం మీద నౌక భద్రత చూసే ఇంజనీరు సంతకం పెట్టింది. మిగతా వాళ్ళకి కాగితం మీద, ప్రయాణికురాలు తన సొంత కోటు వెంట తెచ్చుకుంటుంది అని ఒక్క వాక్యమే వెళ్ళింది. పదకొండు దేశాలూ సంతకాలు పెట్టాయి. ఇది కూడా ఏకగ్రీవమే. కోటు మరీ నలిగిపోకుండా చూడాలని ఒక దేశం సూచన కూడా చేసింది. ఈ ఉత్తరం భద్రతాధికారి చదువుతాడు కదా అంటావేమో, కోటు కుట్టుకోవడం బెదిరింపు కిందికి రాదని ఆయనే చెప్పాడు.

కోపంతో పంపిన కోటు వదినా అది. నీ మీద కోపం వచ్చి ఉండకపోతే అది ఇక్కడే నా బీరువాలో వేలాడుతూ ఉండేది. ఇకమీదట నీ మీద తరచుగా కోపం తెచ్చుకుంటాను.

తిను. అట్టముక్కైనా సరే తిను. క్షేమంగా దిగు.

నీ
ఆడపడుచు


జూన్ 3
ఆసుపత్రి

నా కొలతకి రాని నా మరదలికి,

అక్షరాలు ఇంత పెద్దవిగా ఉన్నాయని నవ్వకు. చిన్నవి రాస్తే నాకే కనబడడం లేదు.

నేను దిగిపోయాను. నువ్వు చెప్పినట్టే అస్తరు విప్పి కుట్టాను, మొక్కల బ్రహ్మచారి దారం పట్టుకున్నాడు. నురగ పొంగుతుంటే కూర్చున్నాను. అది మెల్లగా వెచ్చబడి నడుము వెనక నిండింది, నన్ను కాస్త ముందుకి జరిపి భుజాల ఇరుకూ వదిలించింది. నువ్వు రాసిన సుద్ద గుర్తొచ్చింది. మామూలుగా ఊపిరి తీసుకున్నాను. కెప్టెన్ సందులో వేలు పెట్టబోయాడు, పట్టలేదు. అప్పుడు నవ్వాడు. అనుమతి వచ్చిందో, రాకుండానే నవ్వాడో అడగలేదు.

నేలని గుద్దుకున్నప్పుడు పళ్ళు కటకటలాడాయి. కాళ్ళు కదులుతాయా అని చూసుకోవడానికి ధైర్యం చాల్లేదు. కెప్టెనే నా బొటనవేలు గిల్లాడు. కెవ్వుమన్నాను. ఆ కేక విని ఆయన సంతోషించినంత నా జన్మలో ఎవరూ సంతోషించలేదు.

వెన్ను బాగుంది. కన్ను పోయింది పోగా ఉన్నది నిలిచిందన్నారు. మీ అన్నయ్య మంచం పక్కనే ఉన్నాడు. నాకు అన్నీ తెలుసని ఇప్పటికి నమ్మాడు. ఉడకబెట్టిన గుడ్డు వలిచి నోటికి అందిస్తున్నాడు. నీ ఉత్తరాలన్నీ ఆయన చేతే మళ్ళీ చదివించుకున్నాను. కొండల దగ్గర ఆయన నవ్వాడు, నేను నవ్వలేదు.

కోటుకి మాత్రం గ్రహచారం పట్టింది. నురగ ముందు సగానిది, ముద్ర పడింది వెనక సగం సీటు మీద, కోటు నాది, కొలత నీది. అది ఎవరి ఆస్తి అని పదకొండు దేశాలూ మీటింగు పెట్టాయట. నీకు తెలిసే ఉంటుంది, నువ్వే పెట్టించి ఉంటావు. వాళ్ళనే ఉంచుకోనీ. అది ఇక ఎవరికీ పట్టదు, బల్లచెక్కలా అయిపోయింది.

సెలవు పెట్టి రా. వచ్చేటప్పుడు ఇద్దరికీ కలిపి ఒక కొత్త కోటు కొనుక్కురా, బూడిదరంగుదే. నా కొలత అడగకు. గుండీలన్నీ పెట్టుకుని, ఊపిరి వదిలేసి, నీకు సరిపోయేదే కొను. నేను తిని అందులోకి వస్తాను.

నీ
వదిన